రాతి బెంచీ మీద రెండు గీతలు

వీధిలో అందరూ ఆయన్ని 'రాజధాని' అంటారు. కళ్ళద్దాల షాపు బోర్డు మీద వేరే పేరుంది కానీ, అది ఎండకి వెలిసి వానకి తడిసి, చదవాలంటే ముందు లోపలికెళ్ళి అద్దాలు చేయించుకోవాల్సిన స్థితికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన ఏ మాట మొదలుపెట్టినా "నేను రాజధానిలో ఉన్నప్పుడు" అనే మొదలుపెడతాడు. రాజధాని అంటే యూరప్‌లో ఉన్న ఆ మహా రాజధాని. ఏ దేశానిదని అడిగినవాడు ఆ వీధిలో ఒక్కడూ లేడు. అడిగేంత సందు ఆయన ఇస్తే కదా.

ముక్కు మీద పరీక్ష ఫ్రేము బిగించాక మనిషి ఎక్కడికీ పారిపోలేడు. ఆయనకి ఆ సంగతి బాగా తెలుసు.

"అక్కడ నది మీద ఒక వంతెన ఉంది. ఎంత పొడుగంటే, ఈ ఒడ్డున నున్నగా గడ్డం గీయించుకుని ఎక్కినవాడు ఆ ఒడ్డున దిగేసరికి మళ్ళీ క్షవరం చేయించుకోవాలి. ఈ అద్దం బాగుందా, ఇది బాగుందా?"

"ఇది."

"ఇక పొగమంచు పడిందంటే తనవాళ్ళ చెయ్యి అనుకుని ఎవరి చెయ్యో పట్టుకుని నడిచి వెళ్ళిపోతారు. నేనూ ఒకసారి అలాగే ఎవరింట్లోనో భోంచేసి పడుకున్నాను. పొద్దున మంచు విడిచాక ఆ ఇంటి ముసలావిడ నన్ను చూసి, 'రాత్రి వచ్చింది మా తమ్ముడు కాదూ?' అంది. మూడో వరస చదవండి."

పక్కన చెప్పుల షాపాయన గుమ్మంలో నిలబడి వింటుండేవాడు. "బావా, ఆ వంతెన పోయిన నెలకంటే ఇంకో మైలు పెరిగినట్టుందే."

"పెరగదా మరి, ముప్పై ఎనిమిదేళ్ళైంది. నీ పొట్ట పెరగలేదూ?"

అసలు సంగతి ఏమిటంటే, ఆయన రాజధాని మొహం చూడలేదు. ఇరవై రెండో ఏట ఓడలో గిన్నెలు కడిగే పని దొరికిందని వీధి వీధంతా వచ్చి సాగనంపింది. రేవు దాకా వెళ్ళాడు. ఓడ కదలడానికి ఇంకా గంట ఉందనగా రేవు పక్క టీకొట్టులో కూర్చుని, ఎదుటి బల్ల మీద ఉన్న ఇద్దరికి ఏదో కథ చెప్పడం మొదలుపెట్టాడు. కథ మంచి పట్టులో ఉంది. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఓడ కూత వేసింది. ఈ ఒక్క ముక్క చెప్పేసి లేద్దామనుకున్నాడు. ఆ ముక్క అయ్యేసరికి ఓడ అరచెయ్యంత అయిపోయింది. సాగనంపిన వీధిలోకి వారం తిరక్కుండా ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? రేవులోనే ఒక పూటకూళ్ళింట్లో గిన్నెలు కడుగుతూ, అక్కడ దిగే ఓడవాళ్ళ కబుర్లన్నీ చెవుల నిండా పోసుకుని, ఆరు నెలలకి తిరిగొచ్చాడు. "ఎలా ఉందిరా రాజధాని?" అన్నారు అందరూ. "ఏం చెప్పమంటారు" అన్నాడు. ఆయన ఆ ఊరి గురించి నిజం పలికింది ఆ ఒక్కసారే. మర్నాటి నుంచి నోరు ఆగలేదు.

వీధికి చెప్పకుండా భార్యకి మాత్రమే చెప్పిన కథ ఒకటుంది. పెళ్ళైన కొత్తలో ఆవిడ పుట్టింటి మీద బెంగతో అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి కూర్చునేది. అప్పుడు చెప్పాడు. "రాజధాని మధ్యలో ఒక గుట్ట ఉంది. నూట రెండు మెట్లు. పైన ఒక రాతి బెంచీ. అక్కడ కూర్చుంటే ఊరంతా ఆరేసిన చీరలా ఉంటుంది, నది దానికి అంచు. నేనొక్కణ్ణే కూర్చుని, నాకు రాబోయే మనిషి ఎలా ఉంటుందో అనుకుంటూ ఆ బెంచీ మీద రెండు గీతలు గీశాను. పొడుగుది నేను. పొట్టిది నువ్వు."

"నేను పొట్టిదాన్నని మీకప్పుడే ఎలా తెలుసు?" అంది ఆవిడ. అంటూనే నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక ఆ గీతల్ని వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఇన్నేళ్ళ తర్వాత, ఒకరోజు ఆవిడ కళ్ళ డాక్టరు బల్ల ముందు కూర్చుంది. ఏడాదిగా తలుపు అంచులకి భుజం కొట్టుకుంటోంది, పక్కన పెట్టిన గ్లాసుల్ని పడేస్తోంది. వయసు అనుకున్నారు.

"కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది," అన్నాడు డాక్టరు. "చూపు చుట్టూ పోయింది. మధ్యలో కాస్త మిగిలింది."

"తాళం కన్నంలోంచి చూస్తున్నట్టుంది బాబూ," అంది ఆవిడ.

"అంతే. ఆ కన్నం కూడా మూసుకుపోతుంది. ఆరు నెలలు పట్టొచ్చు, ఎనిమిది పట్టొచ్చు. చుక్కల మందు వేస్తే కొంచెం నెమ్మదిస్తుంది. నాలుగేళ్ళ కింద వచ్చి ఉంటే వేరే సంగతి." కాగితం మీద ఏదో రాస్తూ తలెత్తి ఆయన్ని చూశాడు. "మీది కళ్ళద్దాల షాపే కదూ?"

ఆయన తలూపాడు. ఏటా తన షాపులోనే, తన కుర్చీలోనే కూర్చోబెట్టి ఆవిడ చూపు పరీక్షించాడు. ఆవిడ చార్టు మీద ఆఖరి వరస దాకా గడగడా చదివేసేది. చార్టు ఎదురుగా ఉంటుంది. పక్కనున్నది కనిపిస్తోందా అని ఆయన ఏనాడూ అడగలేదు. అడగాల్సిన ఆ అయిదు నిమిషాలూ వంతెన కథకి సరిపోయేవి.

ఇంటికొచ్చాక ఆవిడ ఏడవలేదు. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని వచ్చి కూర్చుని, "ఏమండీ, నాదొక్కటే కోరిక," అంది. "ఈ కన్నం మూసుకుపోయేలోపు మీ రాజధాని చూపించండి. ఎక్కువొద్దు. రెండు మూడు రోజులు చాలు. ఆ బెంచీ మీద ఒకసారి కూర్చుంటాను."

"ఇప్పుడా?"

"తర్వాత చూడలేను కదా."

ఆయనకి సరే అనడం తప్ప ఇంకో దారి లేదు. సరే అన్నాడు.

ఆవిడ చెల్లెలి కూతురు ఒక ప్రయాణాల ఆఫీసులో పనిచేస్తుంది. పెద్దమ్మ కోసమని ఉద్యోగస్తుల రాయితీలో రెండు టిక్కెట్లకి ఏర్పాటు చేసింది. రానూ పోనూ పోగా ఊళ్ళో మూడు రోజులు. ఒక మందపాటి నోటు పుస్తకం, నల్లగా లావుగా రాసే పెన్నూ తెచ్చిచ్చింది. ఆవిడ ఆ పుస్తకంలో పేజీకి నాలుగు వరసలు, వేలంతేసి అక్షరాలతో మూడు రోజుల ప్రణాళిక రాయడం మొదలుపెట్టింది. ఆయన చెప్పినవన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఆయన మర్చిపోయినవి కూడా.

"మొదటిరోజు పొద్దున్నే నీలం తలుపు రొట్టెల షాపు. నవ్వనివాళ్ళకి రొట్టె అమ్మడన్నారే, ఆ ముసలాయన. మనం నవ్వుతూ వెళ్దాం."

"ఆ షాపు మూసేశారటే. మొన్నెవరో షాపుకొచ్చినాయన చెప్పాడు."

"అయ్యో. ముసలాయనకి ఏమైంది?"

"పోయాడు."

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆయనకి ఒక మనిషిని ఉత్తినే చంపడం చేతకాదు. "పొయ్యి ముందు కూర్చుని, ఎవరో చెప్పిన మాటకి నవ్వుతూ నవ్వుతూ అలాగే వాలిపోయాడట. ఆరోజు ఊరంతటికీ రొట్టె ఊరికే పంచారట."

ఆవిడ లావు పెన్నుతో ఆ వరస కొట్టేసింది. ఆ పూట ముద్ద సరిగా ముట్టలేదు. అసలు పుట్టనే పుట్టని మనిషి చావుకి ఆ ఇంట్లో ఒక పూట పస్తు.

తర్వాత రాతి గుర్రం. వాన పడితే సకిలిస్తుందని చెప్పిన గుర్రం. "దాన్ని తీసుకెళ్ళి మ్యూజియంలో పెట్టారట," అన్నాడు ఆయన.

"అయితే మ్యూజియంకే వెళ్దాం."

"మ్యూజియం మరమ్మతులో ఉందట."

"మీ షాపుకి ఈమధ్య అందరూ అక్కడివాళ్ళే వస్తున్నట్టున్నారు," అంది ఆవిడ. అని ఇంకో వరస కొట్టేసింది. వారం తిరిగేసరికి పుస్తకం నల్ల గీతలతో నిండిపోయింది. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు కట్టిన ఊరిని రోజుకో వీధి చొప్పున తన చేతులతోనే కూలగొట్టుకుంటూ వచ్చాడు. చివరికి ఒక్కటి మిగిలింది.

"బెంచీ..." అని ఆయన నోరు తెరిచాడు.

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "బెంచీ కూడా కాలిపోయిందనకండి. రాయి ఎలా కాలుతుంది?"

ఆయన ఆ పెన్నుకి మూత పెట్టాడు.

"మిగతావి లేకపోయినా ఫర్వాలేదండీ. బెంచీ ఉంటే చాలు. అప్పటికి ఈ చూపు అటూ ఇటూ అయినా ఆ గీతలు వేలికి తగులుతాయి కదా. చూసినట్టే."

మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే లేచి ఇంటి ముందున్న ఆరు మెట్లూ ఎక్కడం దిగడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని, పెదాలు కదుపుతూ. ఏమిటని అడిగితే, "ఆరు పదిహేడులు నూట రెండు," అంది. "ఇక్కడ పదిహేడుసార్లు ఎక్కగలిగితే అక్కడ ఎక్కగలిగినట్టే. నిన్న తొమ్మిదిసార్లు ఎక్కాను." చెప్పుల షాపాయన అటుగా వెళ్తూ, "అక్కా, మెట్లు అరిగిపోతాయి, మా బావ మళ్ళీ కట్టించాలి," అన్నాడు. "అరగనీ తమ్ముడూ, రాజధాని నుంచి వచ్చాక నేనిక వీటిమీద నుంచి దిగేదేముంది," అంది ఆవిడ. అతను నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ మాట విన్నాక ఆయన కూర్చోలేకపోయాడు. షాపుకెళ్ళి, ఆఫీసు పిల్ల తెచ్చిచ్చిన రాజధాని మ్యాపు బల్ల మీద పరిచాడు. అద్దాల మీద గీరలు చూసే భూతద్దం కంటికి బిగించుకుని, వీధి వీధీ వెతికాడు. ఆయన జీవితంలో ఆ ఊరిని నిజంగా చూడటం అదే మొదటిసారి. వంతెనలు బొమ్మలో బెత్తెడు కూడా లేవు. అయితే నదికి ఈవల ఒక ఎత్తు ప్రదేశం కనిపించింది. పక్కన మెట్ల గుర్తు. మెట్లున్నాయంటే, ఎక్కినవాళ్ళకి ఆయాసం వస్తుంది. ఆయాసం వచ్చేచోట ఎవరో ఒకరు బెంచీ వేసి ఉంటారు. అది రాతిదే అయ్యుండాలి, దేవుడా, అది రాతిదే అయ్యుండాలి.

సొరుగులోంచి వజ్రపు మొన ఉన్న కలం తీశాడు. అద్దాన్ని కోసే ముందు దాని మీద గుర్తు పెట్టుకునే కలం అది. రాయి మీద కూడా గీత పడుతుంది. షాపు గుమ్మం రాయి మీద గీసి చూశాడు. పడింది. మొదటిరోజు తెల్లవారుతుండగా, ఆవిడ లేవకముందే ఒక్కడూ వెళ్ళి గీసి రావాలి. పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి. కొత్త గీత పాతగా కనిపించడానికి కాస్త మట్టి రుద్దాలి. ఆవిడకి మధ్యాహ్నం ఎండలో చూపించాలి. మెట్లు నూట రెండు కాకపోతే? ఎక్కేటప్పుడు మాటల్లో పెట్టి లెక్క తప్పించొచ్చు. ఆ విద్య ఆయనకి బాగా తెలిసిందే.

కలం జేబులో వేసుకున్నాడు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఆరోజే కడుపునిండా తిన్నాడు.

వీసా అనుమతి కాగితాలు నింపడానికి ఆ పిల్ల ఆదివారం ఇంటికే వచ్చింది. బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ టైపు చేస్తోంది. పెద్దమ్మవి అయిపోయాయి. పెదనాన్నవి మొదలయ్యాయి. పుట్టిన తేదీ, వృత్తి, అన్నీ అయ్యాక ఆ పిల్ల తెర మీంచి చదివింది. "ఇంతకు ముందు మా దేశానికి వచ్చారా? వస్తే ఎప్పుడు, ఎన్నాళ్ళు ఉన్నారు?" నవ్వింది. "ఇది మీకోసమే పెట్టినట్టున్నారు పెదనాన్నా."

ఆవిడ ఆయన పక్కనే కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఆయన మొహం ఆవిడ చూపు కన్నంలో సరిగ్గా మధ్యలో ఉంది.

రాలేదు అనాలి. ఒక్క మాట. అంటే ఆ బెంచీ అక్కడికక్కడే కూలుతుంది.

"వచ్చాను," అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు," అంది ఆవిడే గర్వంగా. "వానల్లో వెళ్ళి ఎండల్లో వచ్చారు. రాయవే."

ఆ పిల్ల టకటకా కొట్టింది.

మర్నాడు పొద్దున ఆయన షాపు తెరవలేదు. రాత్రంతా ఆ టకటకలే చెవుల్లో. సరాసరి ఆ పిల్ల ఆఫీసుకి వెళ్ళాడు. అద్దాల తలుపు అవతల ఆ పిల్ల బల్ల మీద ఫైళ్ళు సర్దుతోంది. ఇద్దరి పాస్‌పోర్టులూ పైనే ఉన్నాయి, ఇంకా పంపలేదు. తలుపు తోసుకుని వెళ్ళాడు.

"ఏంటి పెదనాన్నా ఇంత పొద్దున్నే?" అని లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళకి, "నేను చెప్పలా, రాజధానిలో ఆరు నెలలున్న మా పెదనాన్న, ఈయనే," అంది. ముగ్గురు నలుగురు కుర్చీలు ఇటు తిప్పారు. ఒకాయన, "ఆ వంతెన కథ మాకూ ఒకసారి చెప్పాలండీ," అన్నాడు.

ఆయన బల్ల మీది పాస్‌పోర్టుల వైపు చూశాడు.

"ఏమైనా మర్చిపోయారా పెదనాన్నా?"

"గొడుగు," అన్నాడు. "నిన్న నీ సంచిలో నా గొడుగు వచ్చేసిందేమోనని."

వాన చినుకు పడి రెండు నెలలైంది. ఆ పిల్ల పాపం బల్ల కిందా, బీరువా వెనకా, సంచిలో అంతా వెతికింది. ఆయన కూడా వంగి వెతికాడు. లేని గొడుగు దొరకలేదని చెప్పి వచ్చేశాడు. పాస్‌పోర్టులు పదింటికి వెళ్ళిపోయాయి.

మూడు వారాలు. ఆవిడ మెట్లు పదమూడుసార్లు ఎక్కింది, పధ్నాలుగు, పదిహేడు. పదిహేడో సారి పైమెట్టు మీద నిలబడి, "ఇక్కడేనండీ బెంచీ," అని గాలిలో చేత్తో తడిమింది. ఈలోపు పుస్తకంలో అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి. పేజీకి రెండు వరసలు.

నాలుగో వారం మధ్యాహ్నం ఆ పిల్ల రెండు కవర్లు పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ పాస్‌పోర్టులో అనుమతి ముద్ర ఉంది. పెదనాన్న పాస్‌పోర్టులో ఒక ఉత్తరం ఉంది.

"పైకి చదవవే," అంది ఆవిడ.

ఆ పిల్ల నెమ్మదిగా చదివింది. "మీరు ఇంతకు ముందు ఆరు నెలలు మా దేశంలో ఉన్నట్టు రాశారు. దానికి మా దగ్గర ఎక్కడా ఆనవాలు లేదు. తప్పు సమాచారం ఇచ్చినందుకు మీ దరఖాస్తును తిరస్కరిస్తున్నాం. అయిదేళ్ళ దాకా మళ్ళీ దరఖాస్తు చేయడానికి వీల్లేదు."

ఆయన గోడకి ఆనుకున్నాడు. ఆ పిల్లకి మాత్రం కోపం వచ్చింది. "వాళ్ళ దగ్గర పాత కాగితాలు పోయినట్టున్నాయి, తప్పు మనదంటారేంటి? పెదనాన్నా, అప్పటి పాస్‌పోర్టు ఉంటే చాలు. దాని మీద ముద్ర చూపించి అప్పీలు చేద్దాం. పది రోజుల్లో తేలిపోతుంది."

"అదెప్పుడో పోయుంటుంది," అన్నాడు ఆయన.

"ఎక్కడికి పోతుంది, పెట్టెలో ఉంది," అంది ఆవిడ. "పెళ్ళైన ఏడాదే నేనే సర్దాను. అపురూపమైనదని గుడ్డలో కూడా చుట్టాను."

ఎవరు ఆపినా ఆగలేదు. మంచం కింద నుంచి పెట్టె లాగింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికింది. పాత దుప్పట్ల కింద, మడతల మధ్య, ఒక చిన్న గుడ్డమూట. విప్పింది. అట్ట రంగు పోయిన పాస్‌పోర్టు. ఓడ ఎక్కడానికి తీసుకున్నది. అది తగలబెట్టాలని ఆయనకి ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. ఇంత కథ కట్టినవాడు ఇంత చిన్న పని మర్చిపోయాడు.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. పాస్‌పోర్టుని మొహానికి జానెడు దూరంలో పట్టుకుని, మొదటి పేజీలో ఇరవై రెండేళ్ళ కుర్రాడి ఫొటో చూసి కొంచెం నవ్వింది. పేజీ తిప్పింది. తాళం కన్నమంత చూపుని ఆ పేజీ మీద పై మూల నుంచి కింది మూల దాకా, నేల తుడిచినట్టు, అంగుళం అంగుళం జరుపుకుంటూ వచ్చింది. ఇంకో పేజీ. ఇంకో పేజీ. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు కాదు, శ్రమకి. తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్క పేజీ వదల్లేదు. ఆఖరి అట్ట వచ్చింది.

ఆ పిల్ల ఆవిడ భుజం మీంచి చూస్తోంది. ఆ పిల్లకి మంచి కళ్ళున్నాయి. మూడో పేజీకే తెలిసిపోయింది. పెదనాన్న వైపు చూసి, తల దించుకుంది.

"పాడు కళ్ళు," అంది ఆవిడ. "ఇంత వెతికినా దొరకట్లేదు. ముద్ర ఏ పేజీలో ఉందో ఏమో, నా కన్నానికి అందట్లేదు." పాస్‌పోర్టు ఆయన వైపు చాచింది. "మీరు చూపించండి. నా వేలు పట్టుకుని దాని మీద పెట్టండి."

ఆయన ఆవిడ వేలు పట్టుకున్నాడు. పేజీ మీద ఎక్కడో ఒకచోట పెట్టొచ్చు. ఇదిగో అనొచ్చు. ఆవిడ నమ్ముతుంది. తన కళ్ళని కూడా నమ్మకుండా ఆయన్ని నమ్ముతుంది.

"నీ కళ్ళు బాగానే చూశాయి," అన్నాడు. "ముద్ర లేదు. నేను వెళ్ళలేదు."

వీధిలో ఎవరిదో బండి ఆగి, మళ్ళీ కదిలింది.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ. రేవులో ఓడ తప్పిపోయింది. అక్కడే గిన్నెలు కడిగాను."

ఆవిడ వేలు వెనక్కి తీసుకోలేదు. అలాగే ఉంచి అడిగింది. "రొట్టెలాయన?"

"లేడు."

"అతను పోయాడంటే నేను అన్నం మానేశాను."

"తెలుసు."

"గుర్రం?"

"లేదు."

మూడోది ఆవిడ అడగలేదు. అడగదేమోనని ఆశపడ్డాడు. అడగదేమోనని భయపడ్డాడు కూడా. జేబులోంచి వజ్రపు మొన కలం తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "అక్కడికెళ్ళాక, నువ్వు లేవకముందే ఏదో ఒక బెంచీ మీద గీద్దామనుకున్నాను."

ఆవిడ మొనని బొటనవేలితో తాకి చూసింది. "రెండూనా?"

"ఆఁ."

"పొట్టిది కూడా?"

"ఆఁ."

కలం తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. దొర్లకుండా అడ్డంగా పెట్టింది. అంతే.

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, దగ్గరికొచ్చి కూర్చుంది. "పెద్దమ్మా, నీకు అనుమతి వచ్చింది కదా. నేను సెలవు పెడతాను. మనిద్దరం వెళ్దాం. నిజం ఊరు ఇంకా బాగుంటుంది. చూపు ఉండగా చూడు."

"ఎవర్ని చూడటానికే?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి ఊపిరాడేది. "నీలం తలుపాయన లేడు. గుర్రం లేదు. బెంచీ మీద ఒంటరిగా కూర్చుని నాకోసం ఎదురుచూసిన ఆ కుర్రాడు లేడు. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళూ లేరమ్మా."

నోటు పుస్తకం తెప్పించుకుంది. లావు పెన్నుతో మిగిలిన ఆ ఒక్క వరసా తడుముకుంటూ కొట్టేసింది. గీత సగం వరస మీద, సగం బల్ల మీద పడింది.

టిక్కెట్ల తేదీ వచ్చింది, పోయింది. ఆయన ఆరోజు షాపులోనే ఉన్నాడు. ఎవరికో పరీక్ష ఫ్రేము బిగించాడు. ఆ మనిషి కథ కోసం కాసేపు చూసి, చివరికి తనే, "రాజధానిలో ఇప్పుడు మంచు పడుతుంటుందాండీ?" అని అడిగాడు.

"మూడో వరస చదవండి," అన్నాడు ఆయన. చదివాక రెండు చేతులూ ఆ మనిషి చెవులకి చెరోవైపూ చాపి వేళ్ళు ఆడించాడు. "ఎదురుగానే చూస్తూ ఉండండి. ఇది కనిపిస్తోందా? ఇది?"

గుమ్మంలో చెప్పుల షాపాయన చాలాసేపు నిలబడ్డాడు. బావా అని పిలవబోయి, పిలవకుండానే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్తే ఆవిడ వసారాలో నడుస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇంకా కొంచెం చూపు మిగిలే ఉంది, అయినా మూసుకుంది. వంటగది గుమ్మం నుంచి వీధి తలుపుకి పధ్నాలుగు అడుగులు. రేపటికి పనికొచ్చే లెక్క. పెదాలు కదుపుతూ ఒక్కొక్కటే వేస్తోంది.

ఆయన పక్కకి తప్పుకోవాల్సింది. తప్పుకోలేదు. ఏదో చెప్పాలని నిలబడిపోయాడు. నిజంగా జరిగింది ఏదైనా ఒక్కటి చెప్పాలని. రేవులో ఓడ అరచెయ్యంత అయిపోతుంటే చూసినప్పటి సంగతి, దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో అడుగులో ఆవిడ చెయ్యి ఆయన ఛాతీకి తగిలింది. ఆగింది. అది గోడ కాదు, తలుపు కాదు. ఎవరో ఆవిడకి తెలుసు. కళ్ళు తెరవలేదు.

"లెక్క తప్పింది," అంది.

వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని వంటగది గుమ్మం దాకా వెళ్ళి, ఒకటి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.